పాత ల్యాప్‌టాప్ పక్కన పెట్టి టాబ్ కొనుక్కోనా?

ప్రశ్న: అన్నగారూ, మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లోనే ఆరో తరగతి నుంచి మెట్రిక్ దాకా పిల్లలకి ట్యూషన్లు చెబుతాను. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే పిల్లలు చాలామంది వస్తారు. వాళ్లకి తెలుగు చదవడం, రాయడం కూడా నేర్పిస్తాను. 2015లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. స్విచ్ వేసి వంటింట్లోకి వెళ్లి, పాలు కాచి, టీ పెట్టుకుని వచ్చినా ఆ గుండ్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. బ్యాటరీ పోయి రెండేళ్లు, వైరు కదిలితే ఆరిపోతుంది. వారం వారం టెస్టు పేపర్లు తయారుచేసి ఇంట్లో ఉన్న లేజర్ ప్రింటర్ మీద తీస్తాను. పెళ్లికి ముందు డీటీపీ నేర్చుకున్నాను కాబట్టి తెలుగుని 'అను' ఫాంట్స్‌లో, ఒడియాని 'ఆకృతి' సాఫ్ట్‌వేర్‌లో కొడతాను. ఫీజుల లెక్క ఎక్సెల్‌లో. మా బాబు వచ్చే ఏడు ప్లస్ టూలో చేరతాడు, వాడికీ వీడియో పాఠాలు కావాలి. విశాఖలో ఉండే మా మరిది, "ఇంకా ల్యాప్‌టాప్ ఏంటి వదినా, పన్నెండు వేలకి మంచి టాబ్ వస్తుంది, కీబోర్డు తగిలిస్తే అదే ల్యాప్‌టాప్" అంటున్నాడు. రిపేరు షాపతను కూడా దీని మీద డబ్బు పెట్టడం దండగ అన్నాడు. నా దగ్గర పదిహేను వేలున్నాయి. పాతది ఇచ్చేస్తే ఎనిమిది వందలు ఇస్తానని ఒకాయన తిరుగుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ ఎనిమిది వందల ఆయన్ని కొన్నాళ్లు ఆగమనండి. ఆయన సంగతి చివర్లో చెప్తాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. టాబ్ గురించి అడిగారు గానీ నా కళ్లు టెస్టు పేపర్ల దగ్గరే ఆగిపోయాయి. వారానికో పేపరు, రెండు భాషలు, ఇంట్లోనే ప్రింటు. ఈ పని నడిస్తేనే మీకు నెల తిరిగేసరికి ఫీజులు వస్తాయి. మీ మరిదికి టాబ్ ఎందుకంత నచ్చిందో ఊహించగలను. బహుశా ఆయన అసలు పనంతా ఆఫీసు కంప్యూటర్ మీద అయిపోతుంది. ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని ఏదన్నా చూసుకోవడానికి టాబ్ అంత హాయి ఇంకోటి లేదు. మీకు మాత్రం ఇల్లే ఆఫీసు.

పన్నెండు వేల టాబ్ ఇంటికొచ్చిందనుకుందాం. శనివారం సాయంత్రం, ఆదివారం టెస్టుకి పేపరు చేయాలి. పోయినేడు ఎనిమిదో తరగతికి చేసిన పేపరు తీసి నాలుగు ప్రశ్నలు మార్చితే చాలు కదా అని పాత ఫైలు తెరుస్తారు. అక్కడే ఆగిపోతారు.

మొన్న రాయగడలో నా దగ్గరికి పెళ్లికార్డులు వేసే కుర్రాడొకడు కంగారుగా వచ్చాడు. అను ఫాంట్స్‌లో కొట్టిన మేటరు పార్టీవాళ్లకి వాట్సాప్‌లో పంపితే వాళ్లు ఫోన్లో తెరిచారట. వరుడి పేరు ఉండాల్సిన చోట నెత్తి మీద టోపీ పెట్టుకున్న ఇంగ్లిష్ ఏ, కింద తోకున్న సీ, ఒక డాలరు గుర్తు, రెండు చుక్కల ఓ. "వైరస్ ఎక్కిందా సార్?" అని అడిగాడు. వైరస్సూ లేదు, పాడూ లేదు. 'అను' అనేది యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ ఎక్కడైనా ఒకే నంబరు ఉండే పద్ధతి) వాడుకలోకి రాకముందు తయారైన పద్ధతి. మీరు "అమ్మ" అని కొడితే ఫైలు లోపల దాగేది తెలుగు అక్షరం కాదు, యూరప్ భాషల అక్షరాల నంబర్లు. వాటి మీద అను ఫాంటు తెలుగు తొడుగు తొడుగుతుంది. ఆ ఫాంటు లేని చోట తొడుగు ఊడి లోపలిది బయటపడుతుంది. ఆకృతిలో కొట్టిన పాత ఒడియా ఫైళ్లకీ ఇదే గతి. మీ పేపర్లు పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే ఇంకో మెట్టు కిందికి వెళ్లాలి. 2001లో వచ్చిన 7.0 తర్వాత దానికి పెద్ద వెర్షన్ ఏదీ రాలేదు, ఆండ్రాయిడ్‌కి అసలే లేదు. పదేళ్ల మీ పేపర్లన్నీ టాబ్‌లో ఆ టోపీల భాషలోనే కనిపిస్తాయి.

ప్రింటర్ సంగతి కూడా చూడండి. మీది వైరుతో పెట్టే పాత లేజర్ అయితే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, విండోస్‌కే ఇచ్చి ఉంటారు. టాబ్ నుంచి ప్రింటు కావాలంటే మామూలుగా వైఫై ప్రింటర్ ఉండాలి. లేదంటే పీడీఎఫ్ చేసి జిరాక్స్ షాపుకి వాట్సాప్ చేయాలి. ముప్పై మంది పిల్లలకి రెండేసి పేజీలు, వారం వారం. మీరే లెక్క వేసుకోండి.

ఎక్సెల్‌లో ఇంకో తమాషా ఉంది. ఫోన్లు, టాబ్‌ల కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చే వర్డ్, ఎక్సెల్ ఉచితమే. కానీ తెర 10.1 అంగుళాలు దాటితే చూడటమే ఉచితం, దిద్దాలంటే ఏడాది చందా కట్టాలి. ఇప్పుడు షాపుల్లో బాగా కనిపించే పదకొండు అంగుళాల టాబ్‌లు సరిగ్గా ఈ గీత దాటాయి. గూగుల్ షీట్స్ వాడుకుంటే ఈ గొడవ లేదనుకోండి. కొనేముందు ఇది చెప్పిన షాపువాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు.

కీబోర్డు తగిలిస్తే అదే ల్యాప్‌టాప్ అన్న మాట గురించి. తగిలించవచ్చు, పనిచేస్తుంది. ఉత్తరం ముక్క రాసుకోవడానికి సరిపోతుంది. పాత పేపరు ఒక పక్క, కొత్తది ఒక పక్క పెట్టుకుని ప్రశ్న ఇటు లాగి, బొమ్మ అటు జరిపి, మార్కులు కుడి అంచున వరసగా కూర్చోబెట్టే పని ఉంది చూశారా, అది వేలితో చేస్తే పావుగంట పని గంటన్నర అవుతుంది. డీటీపీ నేర్చుకున్న చెయ్యి కదా మీది, రెండో వారానికే విసుగు పుడుతుంది.

ఇక మీ ల్యాప్‌టాప్ దగ్గరికి వద్దాం. ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. అది పూర్తిగా తెరుచుకున్నాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్న పెట్టెలా వస్తే కింద 'మోర్ డీటెయిల్స్' నొక్కండి. పైన సీపీయూ, మెమరీ, డిస్క్ అని గడులుంటాయి. మీరేమీ చేయకుండా కూర్చున్నా డిస్క్ గడిలో వంద శాతం అని ఎర్రగా నిలబడి, సీపీయూ పదో ఇరవయ్యో దగ్గర ఆడుతుంటే రోగం దొరికినట్టే. నా అంచనా, మీకు అదే కనిపిస్తుంది.

2015 నాటి మామూలు ధర ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి తిరిగే హార్డ్ డిస్క్ ఉండేది. లోపల ఒక పళ్లెం తిరుగుతుంటే దాని మీద చిన్న చెయ్యి అటూ ఇటూ పరిగెత్తి ఒక్కో ముక్క ఏరుకొస్తుంది. విండోస్ 10 తెరుచుకునేటప్పుడు వేల చిన్న చిన్న ముక్కలు అడుగుతుంది. వంట మొదలుపెట్టి ఆవాలకోసారి, జీలకర్రకోసారి, పసుపుకోసారి నిచ్చెన వేసుకుని అటకెక్కి దిగితే ఎలా ఉంటుంది? ఆ డిస్క్ బదులు వేసే ఎస్ఎస్‌డీ అంటే పోపుల పెట్టె. తిరిగేదీ లేదు, పరిగెత్తేదీ లేదు, చెయ్యి చాపితే అందుతుంది. మీ మెషిన్ కన్నా పాతవాటికి ఎస్ఎస్‌డీ వేసి ఇచ్చాను. పది నిమిషాలు తీసుకున్నవి నిమిషం లోపే తెరుచుకున్నాయి. వంటగదిలోకి వెళ్లి టీ గిన్నె అందుకునే లోపు అన్నమాట.

మరి రిపేరు షాపతను దండగ అని ఎందుకన్నాడు? మా వృత్తివాడే కాబట్టి వెనకేసుకు రావాలని ఉంది గానీ, ఉన్నమాట చెప్తాను. ఎస్ఎస్‌డీ వేసి, పాత డిస్క్‌లో ఉన్నదంతా దించి ఇవ్వడానికి ఒక పూట పడుతుంది. దానికి నాలుగైదు వందలడిగితే జనం ఏడుపు మొహం పెడతారు. కొత్తది అమ్మితే అరగంటలో అంతకంటే ఎక్కువ మిగులుతుంది. ఇంకో సంగతి, పాతది ముట్టుకున్నాక నెలరోజుల్లో మదర్‌బోర్డు పోతే "నువ్వే పాడుచేశావు" అంటారు. ఆ భయమూ నిజమే, నేనూ పడ్డాను. అందుకని మీ మెషిన్ బాగోగులు ముందు చూడండి. తెర మీద గీతలున్నాయా, మూత తెరిచినప్పుడు కీలు దగ్గర ప్లాస్టిక్ పగులుతోందా, ఒళ్లు కాలేంత వేడెక్కి తనంతట తను ఆరిపోతోందా? ఇవేవీ లేకపోతే డబ్బు పెట్టవచ్చు. ఉంటే పెట్టకండి, అప్పుడేం చేయాలో కింద చెప్తాను.

పెట్టదలిస్తే వరస ఇది. అన్నిటికంటే ముందు పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చి పేపర్లు, ఫీజుల ఫైలు, బాబు ఫొటోలు అందులోకి తీసుకోండి. రేపు కాదు, ఇవాళే. పాత డిస్క్ ఎప్పుడు మొండికేస్తుందో చెప్పలేం. లోపల్నుంచి టిక్ టిక్ మని చప్పుడొస్తుంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ఆ పని చూడండి.

తర్వాత 256 జీబీ రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ అడగండి. పేరున్న కంపెనీది, మూడేళ్ల వారంటీది. ఈమధ్య మెమరీ చిప్‌ల ధరలు పెరిగి నెలకో రేటు నడుస్తోంది కాబట్టి మూడు వేలకి అటూ ఇటూ అనుకుని బయలుదేరండి. బరంపురంలోనైనా, శ్రీకాకుళంలోనైనా ఒకటే, జీఎస్టీ రెండుచోట్లా 18 శాతమే. సరిహద్దు దాటితే చౌక అనే మాట మనవైపు ఇంకా వినిపిస్తుంది గానీ అది పాత రోజుల సంగతి. వారంటీకి మళ్లీ ఎక్కడికి వెళ్లడం మీకు సులువో అక్కడ కొనండి. బిల్లు తీసుకోండి. ఆ షాపులోనే "డిస్క్ క్లోన్ చేసి ఇవ్వండి" అని చెప్పండి. పాతదాన్ని ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దించడమన్నమాట. కొత్తగా విండోస్ వేయించుకుంటే అను, ఆకృతి మళ్లీ ఎక్కించుకోవాలి. ఆ సీడీ ఎన్నేళ్ల కిందట ఏ పెట్టెలో పెట్టారో మీకే తెలియాలి. అయినా వెతికి ఉంచండి. క్లోన్ చేశాక కూడా ఒక్కోసారి లైసెన్సు నంబరు అడుగుతాయి.

ర్యామ్ ఇంకో 4 జీబీ వేయించండి. ఆ కాలపు ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా డీడీఆర్3ఎల్ రకం ఉంటుంది. ఇప్పటి డీడీఆర్4, డీడీఆర్5 అందులో పట్టవు, కొనేముందు వెనక మూత విప్పి చూడమనండి. పాత రకం కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా ఫరవాలేదు. ఇందులో తిరిగేది, అరిగేది ఏమీ లేదు.

బ్యాటరీ విషయంలో మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు. అసలు మీరు రెండేళ్లుగా వైరు మీదే నడుపుతున్నారంటే నాకు టెన్షన్ వేసింది. వేసవిలో మనవైపు సాయంత్రం గాలివాన లేస్తే కరెంటు ఎలా పోతుందో మీకు చెప్పక్కర్లేదు. సేవ్ చేయని పేపరు పోవడం ఒక్కటే కాదు, రాస్తుండగా హఠాత్తుగా ఆరిపోతే డిస్క్‌లో ఫైళ్లు చెడిపోవచ్చు కూడా. ఇప్పుడే ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి ఒక మూల వేలితో నొక్కి చూడండి. ఊగుతోందా? టచ్‌ప్యాడ్ బుగ్గలా పైకి లేచిందా? అలా ఉంటే లోపల బ్యాటరీ ఉబ్బింది. వెంటనే ఆపేసి తీయించండి. సూదితో గుచ్చడం, ఎండలో పెట్టడం లాంటివి ఎవరు చెప్పినా చేయకండి, అంటుకుంటుంది. మామూలుగా ఉంటే, మీ మోడల్‌కి సరిపోయేది ఆరు నెలలైనా వారంటీ ఇచ్చేది వేయించండి. రెండు వేల చిల్లర అవుతుంది.

ఇవన్నీ కలిపి చేతికూలితో ఏడు వేల చుట్టుపక్కల తేలుతుంది. డబ్బు ఒకేసారి ఖర్చు చేయడం ఇష్టం లేకపోతే ఎస్ఎస్‌డీ ఒక్కటే వేయించి ఒక నెల వాడి చూడండి. మిగతావి తర్వాత. తేడా అంతా దానిదే.

విండోస్ గురించి ఒక మాట. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇంట్లో వాడుకునేవాళ్లకి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు అందే ఏర్పాటు ఒకటి ఉంది. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీ తెరిస్తే చేరమని అడుగుతుంది. మీది 22హెచ్2 వెర్షన్ అయి ఉండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కావాలి. విండోస్ 11 మాత్రం మీ మెషిన్‌కి రాదు. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం నుంచీ అని గీత గీశారు, 2015లో కొన్నది అంతకంటే పాత తరం. అడ్డదారిలో ఎక్కిస్తామనేవాళ్లున్నారు, ఆ జోలికి పోకండి.

గడువు దాటాక ఏం చేయాలి? ఇంటర్నెట్ ఎక్కువ వాడేవాళ్లకైతే నేను విండోస్ బదులు లైనక్స్ మింట్ వేసిస్తాను. ఉచితం, పాత మెషిన్ల మీద తేలిగ్గా నడుస్తుంది. మీకు వెంటనే చెప్పను, అను ఫాంట్స్ దానిలో నడవదు. కాబట్టి ఈ ల్యాప్‌టాప్‌ని పేపర్ల యంత్రంగానే ఉంచుకోండి. బ్యాంకు పనులు, డబ్బు పంపడాలు దీనిలో పెట్టుకోవద్దు, అవి ఫోన్లో చేసుకోండి. ఎవరి పెన్‌డ్రైవ్ పడితే వాళ్లది గుచ్చనివ్వకండి. ట్యూషన్ పిల్లలు "టీచర్, ఒక్క నిమిషం" అని తెస్తుంటారు కదా, అవే ముఖ్యంగా.

ఈ లోపల ఒక పని మొదలుపెట్టండి. పాతవి అలా ఉండనిచ్చి, కొత్త పేపర్లు యూనికోడ్‌లో కొట్టడం అలవాటు చేసుకోండి. 2019లో వచ్చిన అప్‌డేట్ నుంచి విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్, ఒడియా ఫొనెటిక్ కీబోర్డులు రెండూ ఉన్నాయి. బయట ఏదీ కొనక్కర్లేదు. భాషల సెట్టింగ్స్‌లో చేర్చుకుంటే చాలు, 'అమ్మ' అనే మాట ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగులో పడుతుంది. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే తెలుగు నుంచి ఒడియాకి మారుతుంది. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ పట్టదు కాబట్టి వర్డ్‌లో గానీ, ఉచితంగా వచ్చే లిబ్రే ఆఫీస్‌లో గానీ చేయండి. మొదటి వారం చేతులు తడబడతాయి. అను లేఅవుట్ వేళ్లకి పట్టేసినవాళ్లకి ఫొనెటిక్ నత్తనడకలా అనిపిస్తుంది. నాకు మూడు వారాలు పట్టింది, మధ్యలో రెండుసార్లు కోపమొచ్చి మానేశాను కూడా. పాత పేపర్లలో మరీ కావలసినవి ఉంటే అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లున్నాయి. వత్తులు అక్కడక్కడ తారుమారవుతాయి, పిల్లలకిచ్చే ముందు ఒకసారి చదువుకోండి.

ఫాంట్ల అందం పోతుందని బెంగ పెట్టుకోకండి. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలా ఉన్నాయి, అన్నీ ఉచితం. వాటిలో ఒకదాని పేరు 'గిడుగు'. మీ ఊళ్లో రాజావారి బళ్లో పాఠాలు చెప్పి, మాట్లాడే తెలుగే రాయాలని పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరే పెట్టారు. పేపరు నెత్తిన ట్యూషన్ పేరు దానిలో పెట్టి చూడండి. పర్లాకిమిడిలో తెలుగు నేర్పే టీచరు పేపరు మీద ఆ అక్షరాలుంటే బాగుంటుందని నాకో చిన్న సరదా. ప్రశ్నలకైతే 'మండలి' వాడండి.

యూనికోడ్‌లో చేసిన పేపరు ఫోన్లో తెరుచుకుంటుంది, టాబ్‌లో తెరుచుకుంటుంది, వాట్సాప్‌లో అక్షరం చెక్కుచెదరకుండా వెళ్తుంది. ఒకటి రెండేళ్లలో మీ పేపర్లన్నీ అటు మారాక, వైఫై ప్రింటర్ కూడా ఇంటికొచ్చాక, అప్పుడు టాబ్ ఒక్కటీ సరిపోతుందా అని మీ మరిదితో మళ్లీ కూర్చుని మాట్లాడుకోవచ్చు.

బాబు సంగతి వేరు. వాడికి టాబ్ పనికొస్తుంది. వీడియో పాఠం, పీడీఎఫ్ పుస్తకం, లెక్క ఆపి మళ్లీ చూడటం, వీటికి ఫోన్ చిన్నది, ల్యాప్‌టాప్ బరువు. కానీ మెట్రిక్ పరీక్షలయ్యేదాకా కొనకండి. పరీక్షల ముందు ఇంట్లోకి కొత్త టాబ్ వస్తే ఏమవుతుందో టీచరుగారికి నేను చెప్పాలా? ప్లస్ టూలో ఏ గ్రూపు దొరుకుతుంది, హాస్టలా, ఇంటి దగ్గరా, ఇవన్నీ తేలాక చూడండి. హాస్టల్ అయితే అసలు అనుమతిస్తారో లేదో కూడా కనుక్కోవాలి.

అప్పుడు కొంటే చూసుకోవలసినవి చెప్తాను, నా చెయ్యి కాలింది కాబట్టి. 2021లో నేనే ఒక సేల్‌లో ఏడు వేలకి టాబ్ కొన్నాను. వృత్తి ఇదే అయినా ధర చూసేసరికి బుర్ర పనిచేయలేదు. 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ. ఆ 32లో సగం సిస్టమే తినేసింది. ఏడాది తిరిగేసరికి ఏ యాప్ నొక్కినా "స్టోరేజీ చాలదు" అని మొండికేసేది. కంపెనీవాళ్లకి ఫోన్ చేస్తే రీసెట్ చేయండి అంటారు, చేస్తే వారం బాగుంటుంది. ఇప్పుడది మా దేవుడి గదిలో పొద్దున్నే విష్ణు సహస్రనామం వినిపించే ఉద్యోగం చేస్తోంది. అదొక్కటీ మానకుండా చేస్తోంది.

అందుకని ర్యామ్ 4 జీబీకి తగ్గొద్దు, 6 ఉంటే నయం. స్టోరేజీ 128. అట్ట మీద పెద్దక్షరాలతో 12 జీబీ ర్యామ్ అని ఉంటే నమ్మేయకండి. కింద చీమ తలకాయంత అక్షరాల్లో 4 ప్లస్ 8 అని ఉంటుంది. ఆ ఎనిమిదీ స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్నది, నిజమైన ర్యామ్ వేగం దానికి రాదు. ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లిస్తారో కంపెనీ వాళ్ల సైటులో చూడండి, షాపులో అడిగితే అందరూ "ఇస్తారు మేడమ్" అనే అంటారు. ఓటీటీ యాప్‌లు అడిగే వైడ్‌వైన్ ఎల్1 అనే సర్టిఫికెట్ ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే ఓటీటీలో బొమ్మ మసగ్గా వస్తుంది. బాబుకి అది ముఖ్యం కాదని మీరంటారు, వాడు ఒప్పుకోడు. ఇంట్లో వైఫై లేకపోతే సిమ్ పట్టేది తీసుకోవాలని షాపువాడు రెండు మూడు వేలు ఎక్కువ చెప్తాడు. మీ ఫోన్ హాట్‌స్పాట్ ఉండగా ఆ ఖర్చు దేనికి?

ఒకటి గుర్తుంచుకోండి. మీ ల్యాప్‌టాప్‌కి పదేళ్ల తర్వాత డిస్క్ మార్చొచ్చు, ర్యామ్ పెంచొచ్చు అని ఇంత సేపు మాట్లాడుకున్నాం. టాబ్‌లో ర్యామ్, స్టోరేజీ బోర్డుకే అతికించి ఉంటాయి, బ్యాటరీ గమ్ముతో అంటిస్తారు. మెల్లబడితే దాంతోనే సర్దుకోవాలి, లేదా నా టాబ్‌లా దేవుడి గదిలో పెట్టుకోవాలి.

టాబ్ అంటే నాకు పడదని అనుకోకండి. గుణుపురంలో ఒక రిటైర్డ్ మాస్టారు పోయినేడు ఇలాంటి పాత ల్యాప్‌టాపే తెచ్చారు. ఏం చేస్తారు దీనితో అని అడిగాను. తెలుగు పేపరు చదువుతాను, అమెరికాలో ఉన్న మనవరాలితో మాట్లాడతాను, ప్రవచనాలు వింటాను, అంతే అన్నారు. ఒక్క ఫైలు కూడా తయారుచేయరు. ఆయనతో ఎస్ఎస్‌డీ మాట ఎత్తలేదు, టాబే కొనిపించాను. ఈ-పేపరు రెండు వేళ్లతో పెద్దది చేసుకుని కళ్లజోడు లేకుండా చదువుతున్నారు.

ఇందాక చెప్తానన్న సంగతి. మీ మెషిన్ కీళ్లు విరిగి, తెర పాడై, బాగుచేయడానికి లాయకీ లేకుండా ఉంటే ఆ పదిహేను వేలని టాబ్ మీద పెట్టకుండా రిఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ చూడండి. పెద్ద కంపెనీల్లో మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన థింక్‌ప్యాడ్‌లు, ల్యాటిట్యూడ్‌లు, ఎలైట్‌బుక్‌లు శుభ్రం చేసి అమ్ముతారు. విశాఖలో బోలెడన్ని షాపులున్నాయి, మీ మరిదికి ఈ పని అప్పగించండి, ఊరికే సలహాలివ్వకుండా. ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ, ఎస్ఎస్‌డీ ఉన్నది అడగమనండి, విండోస్ 11 అధికారికంగా నడుస్తుంది. మీ బడ్జెట్‌కి ఓ రెండు మూడు వేలు పైన పడొచ్చు. బిల్లు, ఆరు నెలల వారంటీ లేకుండా తీసుకోవద్దు. షాపులోనే అన్ని మీటలూ ఒక్కొక్కటి నొక్కి చూడమనండి, ముఖ్యంగా స్పేస్, ఎంటర్. ఆఫీసులో వాడినవాటికి ముందు అరిగేవి అవే.

ఇక ఎనిమిది వందల ఆయన. ఆయనకి మీ ల్యాప్‌టాప్ ఎందుకో తెలుసా? విప్పి ర్యామ్, తెర, డిస్క్ విడివిడిగా అమ్ముకుంటాడు. తప్పేం లేదు, అదీ ఒక బతుకుతెరువే. కానీ ఆ డిస్క్‌లో పదేళ్ల పిల్లల పేర్లు, మార్కులు, వాళ్ల తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, మీ ఇంటి ఆధార్ స్కాన్లు ఉంటాయి. డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేసినంత మాత్రాన అవి పోవు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఎప్పుడిచ్చినా డిస్క్ తీసుకుని మిగతాది ఇవ్వండి. ఐదు వందలకి బేరం దిగుతాడు, దిగనివ్వండి. ఎస్ఎస్‌డీ వేయించుకున్న రోజున కూడా పాత డిస్క్ షాపులో వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి. మూడు నాలుగు వందలకి యూఎస్‌బీ డబ్బా వస్తుంది, అందులో పెట్టి, మీద మార్కర్‌తో తారీఖు రాసి, బీరువాలో మీ డీటీపీ సర్టిఫికెట్ పక్కన పెట్టండి. ఆ సర్టిఫికెట్ వెతికేటప్పుడు అను సీడీ కూడా అక్కడే దొరుకుతుందేమో చూడండి.